సర్వర్ ఎక్కడో, మనం ఇక్కడ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. ఎక్కడో ఉన్న లైనక్స్ సర్వర్‌లోకి ఇంట్లోంచో, అంగట్లోంచో, కాలేజీలోంచో వెళ్ళి పని చేసుకోవడం ఎలా అని. కడపలో మా మిద్దె మీది గదిలో కూర్చుని ముంబయి సర్వర్లను చూసుకోవడమే నా ఉద్యోగం కాబట్టి ఈ నెల పేజీ అంతా దీనికే ఇచ్చాను.

ప్రశ్న: మేడమ్ గారూ, మాది చీరల అంగడి. ఆన్‌లైన్ ఆర్డర్ల కోసం మా అబ్బాయి నెల అద్దెకు ఒక ఉబుంటు (లైనక్స్‌లో ఒక రకం) సర్వర్ తీసుకుని వెబ్‌సైట్ పెట్టాడు. వాడు పై చదువుకు వెళ్ళాక నేనే చూసుకుంటున్నా. మొన్న లాగ్ ఫైలు తెరిస్తే 'ఫెయిల్డ్ పాస్‌వర్డ్ ఫర్ రూట్' అని పేజీల కొద్దీ ఉంది. ఎవరైనా మా మీద పగబట్టారేమో అని టెన్షన్‌గా ఉంది. రొంత వివరంగా చెప్పండి.
– ఒక సోదరి, ప్రొద్దుటూరు

జవాబు: మీ మీద ఎవరూ పగబట్టలేదమ్మా, ముందు ఆ భయం తీసేయండి. పబ్లిక్ ఐపీ అడ్రసు (ఇంటర్నెట్‌లో ఎవరికైనా అందే చిరునామా) ఉండి, ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని మెషీన్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) కోసం 22వ పోర్టు (నంబరు వేసిన తలుపు లాంటిది) తెరిచి ఉన్న ప్రతి మెషీన్‌కూ ఇదే జరుగుతుంది. అడ్రసులను వరసబెట్టి గాలిస్తూ, దొరికిన చోటల్లా పాస్‌వర్డులు ఊహించి కొట్టి చూసే ప్రోగ్రాములు అవి. వాటికి మీది చీరల అంగడని కూడా తెలియదు.

కావాలంటే ఆ లాగ్ మళ్ళీ తెరిచి నిదానంగా చదవండి. లైను మొదట్లో తేదీ, టైము, తర్వాత మీ సర్వర్ పేరు ఉంటాయి. ఆ పైన 'ఫెయిల్డ్ పాస్‌వర్డ్ ఫర్', దాని పక్కన ఒక యూజర్ పేరు, చివర్లో ఏ ఐపీ నుంచి వచ్చారో ఉంటుంది. ఆ యూజర్ పేర్లు చూసుకుంటూ కిందికి రండి. రూట్ (సర్వర్‌లో అన్ని హక్కులూ ఉన్న యూజర్), అడ్మిన్, టెస్ట్, ఉబుంటు, ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్. ఎక్కడైనా ఉండే అవకాశమున్న పేర్లే తప్ప మీ ఇంటి పేరో అంగడి పేరో కనిపించదు. లేని యూజర్ అయితే 'ఇన్‌వ్యాలిడ్ యూజర్' అని కూడా రాసి ఉంటుంది.

మీరు వెతకాల్సింది ఈ 'ఫెయిల్డ్' లైన్లను కాదు, 'యాక్సెప్టెడ్' అని ఉన్న లైన్లను. అవి ఎవరు, ఎప్పుడు, ఏ అడ్రసు నుంచి లోపలికి వచ్చారో చెప్తాయి. అందులో మీరూ, మీ అబ్బాయీ కాక మూడో మనిషి కనిపిస్తే మాత్రం ఆ సర్వర్‌ను శుభ్రం చేసుకుని వాడుకుందామని చూడకండి. కొత్త సర్వర్ తీసుకుని, పాత బ్యాకప్‌ నుంచి వెబ్‌సైట్ మళ్ళీ పెట్టించండి. లోపలికి వచ్చినవాళ్ళు ఏమేం వదిలిపోయారో పూర్తిగా కనిపెట్టడం మా బోటి వాళ్ళకే కష్టం.

అలాంటిదేమీ లేకపోతే, ఇప్పుడు చేయాల్సింది పాస్‌వర్డుతో లోపలికి వచ్చే పద్ధతిని ఎత్తేసి 'కీ' పద్ధతి పెట్టుకోవడం. మీ విండోస్ కంప్యూటర్‌లో పవర్‌షెల్ తెరిచి ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ అనే కమాండ్ కొట్టండి. విండోస్ 10లో 2018 నుంచి ఇది దాదాపు అన్నిట్లో ఉంటోంది, వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. కమాండ్‌లోనే చిన్న టీ ఆప్షన్‌తో కీ రకం ఈడీ25519 అని ఇవ్వండి. పాస్‌ఫ్రేజ్ అడిగితే ఖాళీగా వదలొద్దు, ఇంట్లో ఎవరూ ఊహించలేని నాలుగైదు మాటలు పెట్టండి. రెండు ఫైళ్ళు తయారవుతాయి. 'పబ్' అని ముగిసేది తాళం లాంటిది, సర్వర్‌కు వేసేది. రెండోది తాళంచెవి, మీ కంప్యూటర్ దాటి ఎక్కడికీ పోకూడదు. వాట్సాప్‌లో మీ అబ్బాయికి కూడా పంపకండి. వాడి కీ వాడే చేసుకుంటాడు.

'పబ్' ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఒక పొడుగాటి లైను కనిపిస్తుంది. సర్వర్‌లో మీ యూజర్ హోమ్ ఫోల్డర్‌లో చుక్క-ఎస్‌ఎస్‌హెచ్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులోని ఆథరైజ్డ్-కీస్ ఫైల్లో ఆ లైనును మధ్యలో విరగకుండా అతికించాలి. ఫోల్డర్‌కు 700, ఫైలుకు 600 పర్మిషన్ ఉండాలి, అంటే మీరొక్కరే చదవగలిగేలా, రాయగలిగేలా. వేరేవాళ్ళు అందులో రాయగలిగేలా ఉంటే ఎస్‌ఎస్‌హెచ్ ఆ కీని నమ్మదు, మళ్ళీ పాస్‌వర్డే అడుగుతుంది. 'అంతా సరిగ్గానే చేశాను, అయినా పాస్‌వర్డ్ అడుగుతోంది' అని నాకు రాసేవాళ్ళలో ఎక్కువమంది ఇబ్బంది ఇదే.

కీతో లోపలికి వెళ్ళగలుగుతున్నారని తేలాకే పాస్‌వర్డు ఆపాలి. మీరిప్పుడు రూట్ పేరుతోనే వెళ్తుంటే ముందు మీకంటూ ఒక యూజర్ చేసుకుని, దానికి సుడో హక్కులు (అవసరమైనప్పుడు రూట్‌లా పని చేసే హక్కులు) ఇచ్చి, కీ దానికి పెట్టుకోండి. ఆ తర్వాత సర్వర్‌లోని ఎస్‌ఎస్‌హెచ్‌డీ-కాన్ఫిగ్ ఫైల్లో పాస్‌వర్డ్-ఆథెంటికేషన్, పర్మిట్-రూట్-లాగిన్ రెండిటికీ 'నో' పెట్టండి.

ఉబుంటులో ఇక్కడొక మెలిక ఉంది. అద్దె సర్వర్లలో చాలావాటికి పక్కనే ఎస్‌ఎస్‌హెచ్‌డీ-కాన్ఫిగ్-డీ అనే ఫోల్డర్‌లో, క్లౌడ్-ఇనిట్ పేరుతో ఇంకో చిన్న ఫైలు ఉంటుంది. అందులో పాస్‌వర్డుకు 'యెస్' అని రాసి ఉంటే, ముందు చదివేది దాన్నే కాబట్టి ఆ మాటే చెల్లుతుంది. పెద్ద ఫైల్లో మీరు 'నో' రాసినా లాభం లేదు. అందుకని ఎస్‌ఎస్‌హెచ్‌డీ కమాండ్‌ను పెద్ద టీ ఆప్షన్‌తో సుడోతో నడపండి, అసలు అమల్లో ఉన్న సెట్టింగులన్నీ చూపిస్తుంది. చిన్న టీ ఆప్షన్ అయితే ఫైల్లో రాతతప్పులుంటే పట్టిస్తుంది.

ఇవన్నీ చేసేటప్పుడు మీరు ఉన్న విండోను దయచేసి మూసేయకండి. సర్వీస్‌ను రీలోడ్ చేసినా అప్పటికే ఉన్న కనెక్షన్ తెగదు. దాన్ని అలాగే ఉంచి, రెండో విండో తెరిచి కొత్తగా లాగిన్ అయి చూడండి. అది పనిచేస్తేనే మొదటిది వదలండి. పనిచేయకపోతే మొదటి విండోలోంచి రాసింది చెరిపేసుకోవచ్చు. నేను కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలకు కమాండ్లకంటే ముందు ఈ అలవాటే నేర్పిస్తాను. మనం సర్వర్ ముందు లేం, మనకున్నది ఈ ఒక్క దారే. ఫైర్‌వాల్ పెట్టేటప్పుడూ అంతే. ముందు ఎస్‌ఎస్‌హెచ్‌కు అనుమతి రాసి, ఆ తర్వాతే ఆన్ చేయాలి. ఒకవేళ బయటే ఉండిపోయినా కంగారు పడొద్దు. సర్వర్ అద్దెకిచ్చిన కంపెనీ వెబ్‌సైట్‌లో 'కన్సోల్' అని సాధారణంగా ఉంటుంది, దాంట్లోంచి వెళ్ళి సరిచేసుకోవచ్చు. అది ఎక్కడుందో, దానికి మీకు పాస్‌వర్డు ఉందో లేదో ఈ రోజే చూసి పెట్టుకోండి.

పోర్టు నంబరు 22 నుంచి వేరేదానికి మార్చమని చాలామంది చెప్తారు. మారిస్తే లాగ్‌లో గోల తగ్గుతుంది, అంతే. ఫెయిల్-టు-బ్యాన్ అనే ప్రోగ్రామ్ కూడా మంచిదే, పదే పదే తప్పు కొట్టే అడ్రసును కాసేపు ఆపుతుంది. కానీ పాస్‌వర్డు దారి మూసేశాక వాళ్ళు ఎన్ని పాస్‌వర్డులు ఊహించినా లోపలికి రాలేరు. నా మాట వినండమ్మా, ముందు కీ పెట్టుకోండి.

ప్రశ్న: అక్కా, నేను బెంగళూరు కంపెనీకి అనంతపురంలో ఇంటి నుంచే పని చేస్తున్నా. సర్వర్‌లో డేటా ఎక్కించే పని ఒక్కోసారి మూడు గంటలు పడుతుంది. మధ్యలో కరెంటు పోతే రూటర్ ఆగిపోయి పని సగంలో చచ్చిపోతోంది. మళ్ళీ మొదటి నుంచి చేయాల్సి వస్తోంది. రూటర్‌కు చిన్న యూపీఎస్ కొంటే సరిపోతుందా?
– ఒక తమ్ముడు, అనంతపురం

జవాబు: యూపీఎస్ కొను తమ్ముడూ, ఎండాకాలం మన వైపు అది ఉండాల్సిందే. కానీ నీ సమస్య కరెంటు కాదు. పని నడుస్తున్నది సర్వర్‌లో, దాని కరెంటు ఎక్కడికీ పోలేదు. నీ కనెక్షన్ తెగిందని సర్వర్‌కు తెలియగానే, నీ లాగిన్ కింద మొదలుపెట్టిన పనులకు 'హ్యాంగప్' అనే సిగ్నల్ వెళ్తుంది. మామూలుగా ఆ సిగ్నల్ అందితే ప్రోగ్రామ్ ఆగిపోతుంది. కాబట్టి ఆ పని నీ కనెక్షన్‌కు కట్టేసి లేకుండా చూసుకోవాలి.

దానికి టీమక్స్ వాడు, నీ కనెక్షన్ తెగినా పనిని సర్వర్‌లో నడిపిస్తూ ఉంచే ప్రోగ్రామ్ అది. సర్వర్‌లోకి వెళ్ళగానే టీమక్స్ అని కొడితే స్క్రీన్ అడుగున ఒక పచ్చ పట్టీ వస్తుంది. అది వచ్చిందంటే నువ్వు టీమక్స్ లోపల ఉన్నట్టు. అక్కడ నీ పని మొదలుపెట్టు. బయటికి రావాలంటే కంట్రోల్, బి కలిపి నొక్కి వదిలేసి, తర్వాత డి ఒక్కటే నొక్కు. పని వెనకాల నడుస్తూనే ఉంటుంది. కరెంటు పోయి, వచ్చి, మళ్ళీ లాగిన్ అయ్యాక టీమక్స్ అటాచ్ అని కొట్టు, ఎక్కడున్నావో అక్కడే తెరుచుకుంటుంది. పాత సర్వర్లలో టీమక్స్ లేకపోతే స్క్రీన్ అనే ప్రోగ్రామ్ ఉంటుంది, 1987 నాటిది, అదీ ఇదే పని చేస్తుంది. సర్వర్ రీస్టార్ట్ అయితే మాత్రం రెండూ కాపాడలేవు.

కనెక్షన్ తెగాక టెర్మినల్ బిగుసుకుపోయి, ఏం నొక్కినా కదలదు చూడు, అప్పుడు విండో మూసేయనక్కర్లేదు. ఎంటర్ నొక్కి, టిల్డా గుర్తు కొట్టి, చుక్క పెట్టు. ఎస్‌ఎస్‌హెచ్ తనంతట తనే తెంపుకుని నీ కంప్యూటర్‌కు తిరిగి వస్తుంది. ఏం కొట్టకుండా కాసేపు వదిలేస్తే తెగిపోతోందంటే, నీ వైపు కాన్ఫిగ్ ఫైల్లో సర్వర్-అలైవ్-ఇంటర్వెల్‌కు 60 ఇవ్వు. నిమిషానికోసారి చిన్న పలకరింపు పంపుతూ దారి తెరిచి ఉంచుతుంది. పెద్ద ఫైళ్ళు పంపడానికి మామూలు కాపీ కమాండ్ ఎస్‌సీపీ బదులు ఆర్‌సింక్ కమాండ్‌ను పెద్ద పీ ఆప్షన్‌తో వాడితే, తెగిన చోటి నుంచి కొనసాగించొచ్చు.

ముఖ్యంగా, ప్యాకేజీలు అప్‌గ్రేడ్ చేసేటప్పుడు టీమక్స్ లేకుండా మొదలుపెట్టొద్దు. సగం ఎక్కిన ప్యాకేజీలతో సర్వర్ ఆగితే, పోయేది నీ మూడు గంటలే కాదు, దాని మీద ఆధారపడిన వాళ్ళందరి పనీ. ఉబుంటు తయారుచేసినవాళ్ళకు ఈ భయం బాగా తెలుసు. ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా ఉబుంటును ఒక వెర్షన్ నుంచి ఇంకో వెర్షన్‌కు మారుస్తుంటే, అది 1022వ పోర్టులో రెండో ఎస్‌ఎస్‌హెచ్‌ను తెరిచి పెట్టుకుంటుంది, మొదటి దారి మధ్యలో మూసుకుపోతే వాడుకోవడానికి.

ప్రశ్న: మేడమ్, మా ల్యాబ్‌లో ఇంకా టెల్నెట్ ప్రాక్టికల్ చేయిస్తున్నారు. ఎస్‌ఎస్‌హెచ్ కూడా అదే పని చేస్తుంది కదా, తేడా పరీక్షలో రాయడానికి రెండు మాటలు చెప్తారా?
– బీటెక్ విద్యార్థిని, కడప

జవాబు: రాయడానికి రెండు మాటలైతే, టెల్నెట్ అన్నీ బట్టబయలుగా పంపుతుంది, ఎస్‌ఎస్‌హెచ్ రహస్య లిపిలోకి మార్చి పంపుతుంది. కానీ రాసి వదిలేయకుండా నీ కళ్ళతో చూడమని నా కోరిక. మీ మాస్టారిని అడిగి, ల్యాబ్‌లోనే రెండు మెషీన్లు తీసుకుని, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి టెల్నెట్ చెయ్యి. పక్కన వైర్‌షార్క్ (నెట్‌వర్క్‌లో వెళ్ళే డేటాను చూపించే ప్రోగ్రామ్) నడపు. నువ్వు పాస్‌వర్డ్ కొడుతుంటే ఒక్కో అక్షరం ఒక్కో ప్యాకెట్‌లో వెళ్తూ కనిపిస్తుంది. నీ స్క్రీన్ మీద ఏమీ కనిపించదు, దారిలో మాత్రం అంతా కనిపిస్తుంది. తర్వాత అదే పని ఎస్‌ఎస్‌హెచ్‌తో చేసి చూడు.

ఎస్‌ఎస్‌హెచ్ పుట్టింది కూడా ఇందుకే. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో ఇలాగే పొంచి ఉండి పాస్‌వర్డులు దొంగిలించారు. అక్కడ పనిచేస్తున్న టాటూ ఇలోనెన్ దానికి విరుగుడుగా ఎస్‌ఎస్‌హెచ్ రాసి, ఆ ఏడే అందరికీ ఇచ్చాడు. ఫైళ్ళు పంపే ఎఫ్‌టీపీ పోర్టు 21, టెల్నెట్‌ది 23, మధ్యలో 22 ఖాళీగా ఉంటే ఆ నంబరు అడిగి తీసుకున్నాడు. ఇప్పుడు మనం వాడే ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్‌ను ఓపెన్ బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ళు 1999లో విడుదల చేశారు. నువ్వు చదువుకునే రెండో వెర్షన్ ప్రమాణాలు 2006లో వచ్చాయి.

ప్రశ్న: మా డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో ఒక లైనక్స్ మెషీన్ ఉంది. సెలవుల్లో ఇంటి నుంచి దాన్ని చూసుకోవాలి. రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చేవాటిని ల్యాబ్ మెషీన్‌కు పంపే సెట్టింగు) పెట్టాను, అయినా బయటి నుంచి అందట్లేదు. ఎందుకు?
– ల్యాబ్ అసిస్టెంట్, ఆదోని

జవాబు: రూటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ అడ్రసు (బయటి ఇంటర్నెట్ వైపు రూటర్‌కున్న ఐపీ) చూడండి సార్. అది 100.64 నుంచి 100.127 మధ్య ఏదో ఒకదానితో మొదలవుతుంటే, మీ ఇంటర్నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ అడ్రసును చాలామందికి కలిపి పంచుతోందని అర్థం. అప్పుడు మీ రూటర్‌లో ఏ పోర్టు తెరిచినా బయటివాళ్ళు మీదాకా రాలేరు.

లోపలి నుంచి బయటికి మాత్రం వెళ్ళొచ్చు కదా. నెల అద్దెకు దొరికే చిన్న సర్వర్ ఒకటి తీసుకుని, ల్యాబ్ మెషీనే దానికి ఎస్‌ఎస్‌హెచ్ చేసి, పెద్ద ఆర్ ఆప్షన్‌తో వెనక్కి ఒక సొరంగం పరిచేలా పెట్టండి. ఉదాహరణకు అద్దె సర్వర్‌లో 2222 తడితే ల్యాబ్ మెషీన్ 22 పలుకుతుంది. మామూలు సెట్టింగులో ఆ 2222 అద్దె సర్వర్ లోపలి నుంచే అందుతుంది, బయటి ప్రపంచానికి కాదు. అది మంచిదే, అలాగే ఉంచండి. మీరు ఇంటి నుంచి పెద్ద జే ఆప్షన్‌తో అద్దె సర్వర్ మీదుగా దూకి లోపలికి వెళ్ళొచ్చు. సొరంగం తెగితే మళ్ళీ తనంతట తనే పరుచుకునేలా సిస్టమ్-డీ సర్వీస్‌గా (లైనక్స్ తనే నడిపించే పనిగా) రాయండి. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ తెలిస్తే దానితోనూ చేయొచ్చు, రోజూ వాడేవాళ్ళకు అదే హాయిగా ఉంటుంది.

కరెంటు పోయి వచ్చాక మెషీన్ ఆఫ్‌లోనే ఉంటే ఇవేవీ పనికిరావు. బయోస్‌లో (మెషీన్ ఆన్ అవగానే తెరవగలిగే సెట్టింగుల్లో) కరెంటు తిరిగి వస్తే ఏం చేయాలని ఒక సెట్టింగు ఉంటుంది, దాన్ని 'పవర్ ఆన్' చేసి, ఒకసారి ప్లగ్ పీకి పెట్టి పరీక్షించాకే సెలవులకు వెళ్ళండి.

ఇంకొక్క మాట. ఇది కాలేజీ నెట్‌వర్క్‌లోకి బయటి నుంచి వేసే దారి. ప్రిన్సిపాల్ గారి నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోకుండా దయచేసి వేయకండి. పిల్లల మార్కులు, వివరాలు ఉన్న మెషీన్లు అదే నెట్‌వర్క్‌లో ఉండొచ్చు.

ప్రశ్న: ఫోన్ నుంచి సర్వర్‌లోకి వెళ్ళొచ్చా?
– గుంతకల్లు పాఠకుడు

జవాబు: వెళ్ళొచ్చు. ఆండ్రాయిడ్‌లో టర్మక్స్ అనే టెర్మినల్ యాప్ వేసుకుని అందులో ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ పెట్టుకోండి. ల్యాప్‌టాప్ కీని ఫోన్‌లోకి కాపీ చేయకుండా ఫోన్‌కు వేరే కీ చేయండి. ఫోన్ పోతే సర్వర్‌లోని ఆథరైజ్డ్-కీస్ ఫైల్లో ఫోన్ కీ లైను ఒక్కటీ తీసేస్తే చాలు.

ప్రశ్న: ఎస్‌ఎస్‌హెచ్‌లోనే దొంగదారి పెట్టారని 2024లో వార్తలు వచ్చాయి. మరి దీన్ని నమ్మడమెలా?
– ఒక ఉద్యోగి, కర్నూలు

జవాబు: ఎస్‌ఎస్‌హెచ్‌లో కాదు సార్, ఫైళ్ళు కుదించే ఎక్స్‌జెడ్ అనే లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో పెట్టారు. కొన్ని లైనక్స్ రకాల్లో ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ పరోక్షంగా ఆ లైబ్రరీని లోపలికి తెచ్చుకుంటుంది, అందుకే దాన్ని ఎంచుకున్నారు. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తన పరీక్షల్లో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ సుమారు అర సెకను ఆలస్యమవుతోందని గమనించి, ఎందుకని తవ్వుకుంటూ పోయి పట్టుకున్నాడు. మార్చి 29న అందరికీ చెప్పాడు. ఎక్కువ మంది వాడే స్థిరమైన వెర్షన్లకు చేరకముందే ఆగింది. అర సెకను తేడాను వదిలేయని ఆ మనిషంటే నాకు చాలా గౌరవం. మీరు చేయగలిగింది, సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతటవే ఎక్కేలా పెట్టుకోవడం.

ప్రశ్న: నిన్నటి దాకా బాగానే ఉంది మేడమ్. ఈ రోజు లాగిన్ అవుతుంటే 'రిమోట్ హోస్ట్ ఐడెంటిఫికేషన్ హ్యాజ్ ఛేంజ్డ్' అని పెద్ద అక్షరాల్లో హెచ్చరిక వచ్చి ఆగిపోతోంది. స్నేహితుడు నోన్-హోస్ట్స్ ఫైలు మొత్తం డిలీట్ చేసేయమన్నాడు. చేయొచ్చా?
– తాడిపత్రి పాఠకుడు

జవాబు: చేయొద్దు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ సర్వర్ ఆనవాలును మీ కంప్యూటర్ ఆ ఫైల్లో రాసి పెట్టుకుంది. ఇప్పుడు అదే అడ్రసు నుంచి వేరే ఆనవాలు వస్తోంది. సర్వర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ కొత్తగా వేసి ఉంటే ఇది మామూలే. పాత సర్వర్ వదిలేశాక అదే ఐపీతో కొత్త సర్వర్ వచ్చినా ఇంతే. ఇవేవీ జరగకపోతే మధ్యలో ఇంకెవరో కూర్చుని ఉండొచ్చు. ఫైలంతా చెరిపేస్తే మిగతా సర్వర్ల ఆనవాళ్ళు కూడా పోతాయి, వాటి విషయంలో ఇక హెచ్చరించేవారే ఉండరు.

ముందు సర్వర్ చూసేవాళ్ళకు ఫోన్ చేసి అడగండి. సర్వర్ మీదే అయితే కంపెనీ వెబ్ కన్సోల్‌లోంచి లోపలికి వెళ్ళండి. ఈటీసీ కింద ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌లో హోస్ట్ కీ 'పబ్' ఫైళ్ళు రెండు మూడు ఉంటాయి. హెచ్చరికలో ఏ రకం కీ అని రాసి ఉందో ఆ ఫైలు మీద ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్‌ను ఎల్, ఎఫ్ ఆప్షన్లతో నడపండి. ఎస్‌హెచ్‌ఏ256 అని మొదలై 43 అక్షరాల వరస వస్తుంది. దాన్ని మీ స్క్రీన్ మీది హెచ్చరికలో ఉన్న వరసతో పక్కపక్కన పెట్టి మొదటి నుంచి చివరి దాకా చూడండి, మొదటి నాలుగు అక్షరాలు కలిశాయి కదా అని వదలొద్దు. మొత్తం కలిస్తే, మీ కంప్యూటర్‌లో ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్‌ను పెద్ద ఆర్ ఆప్షన్‌తో ఆ సర్వర్ పేరు ఇచ్చి నడపండి, ఆ ఒక్క సర్వర్ పాత ఆనవాలే పోతుంది. కలవకపోతే పాస్‌వర్డ్ కొట్టకుండా ఆగి, వేరే నెట్ నుంచి, ఫోన్ హాట్‌స్పాట్ అయినా సరే, మళ్ళీ చూసి నాకు రాయండి.